అరవై ఒకటో నంబరు

ఇల్లు, భోజనాల బల్ల దగ్గర
జూన్ పన్నెండు

సుద్దముక్కా,

నీకు ఉత్తరం రాసి పదేళ్ళు దాటింది. ఫోను ఉండగా ఈ కాగితమేమిటని కంగారు పడకు. అందరం కులాసా. ఫోనులో మాట్లాడితే మీ అన్నయ్య పేపరు చదువుతూనే రెండు చెవులూ ఇటే వేస్తారు. అందుకని కాగితం.

మా పెళ్ళికార్డు నీకు గుర్తుందా? నాలుగు వందల కవర్లకి స్టాంపులు నాలికతో తడిపి అంటించింది నువ్వే. అప్పుడు నీకు పదకొండేళ్ళు. రెండు రోజులు ఏం తిన్నా జిగురు రుచే అని ఏడ్చావు. ఆ కార్డులో నా పేరు పక్కన బి.ఎస్సీ. అని ఉంది. కార్డులు అచ్చయ్యేనాటికి ఫలితాలు రాలేదు. "ఎలాగూ అయ్యేదే కదా" అని మా నాన్న వేయించేశారు. పెళ్ళయిన పదకొండో రోజున ఫలితాలొచ్చాయి. అన్నీ పాసయ్యాను, లెక్కల రెండో పేపరు తప్ప. అందులో ఇరవై ఏడు. ముప్ఫై అయిదు రావాలి.

ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నోటితో అబద్ధం ఆడలేదు, అచ్చులో ఉన్నదాన్ని దిద్దనూ లేదు. గ్యాసు బండ మార్చిన తేదీ ఒకరోజు తప్పు రాస్తేనే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. అలాంటిది ఇరవై ఆరేళ్ళుగా ఆ కార్డు అలమరలో ఉంది, నేను ఆ అలమరకే తాళం వేస్తున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పాత సిలబస్ వాళ్ళు మిగిలిపోయిన పేపర్లు రాసుకోవడానికి వచ్చే మార్చి ఆఖరి అవకాశమని యూనివర్సిటీ ప్రకటన వేసింది. ఆ తర్వాత ఆ పేపరే ఉండదట. ఫీజు కట్టేశాను. కట్టాక భయం మొదలైంది. పాత పుస్తకం తెరిస్తే చీమల బారు చూసినట్టుంది.

లెక్కల్లో తప్పినవాళ్ళకే నువ్వు పాఠాలు చెబుతావట కదా. నాలాంటి పాత సరుకు పనికొస్తుందా? పొద్దున పదీ పది నుంచి పన్నెండు దాకా ఇల్లు నాది. ఆదివారాలు లెక్కలోకి తీసుకోకు.

ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ వదిన


గణిత విభాగం, రెండో అంతస్తు
జూన్ ఇరవై

వదినా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆఫీసులో పక్క బల్లావిడ "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా" అని అడిగింది. "బాగుపడుతోంది" అన్నాను.

మా ఇంట్లో దేనికి సమాధానం కావాలన్నా అందరూ వెళ్ళి అడిగేది నిన్ను. కుళాయి వాషరు సైజు దగ్గర్నుంచి అన్నయ్య రక్తం గ్రూపు దాకా నీ నోటుబుక్కులోనే ఉంటుంది. అలాంటి నీకు లెక్కలంటే భయమా? ఆ భయం నీది కాదు, ఎవరో అంటగట్టారు. చూద్దాం.

మా ల్యాబు అంటే ముప్ఫై కంప్యూటర్లు, మొండికేసిన ఒక ఫ్యాను. మేం ముగ్గురం రెండేళ్ళు కూర్చుని ఒక సాఫ్ట్‌వేరు తయారుచేశాం. పేరు పెట్టే తీరిక లేక 'కొండ' అంటున్నాం, మొదటి పాఠంలో కొండ బొమ్మ ఉంటుంది కనక. నువ్వు చదివే గీతలు ఇందులో కదులుతాయి. వేలితోనో మౌసుతోనో పట్టుకుని లాగొచ్చు. నీ లాప్‌టాప్‌లో కూడా తెరుచుకుంటుంది. క్లాసులో అరవై మంది, అందరూ ఒకసారైనా తప్పినవాళ్ళే. నీకు అరవై ఒకటో నంబరు ఇచ్చాను. సంకేతపదం జిగురు.

ఒక్క షరతు. నువ్వు ఎక్కడ నొక్కావో, ఎంతసేపు ఉన్నావో కొండ నాకు చెబుతుంది. నీ మనసులో ఏమనుకున్నావో మాత్రం చెప్పదు. అది నువ్వే కాగితం మీద రాయాలి.

ఇంకో మాట, ఇది నేను గర్వంగా చెప్పుకునేది. ఎక్కడైనా చిక్కుకుపోయి ఒకటిన్నర నిమిషం కదలకుండా కూర్చుంటే అదే సాయానికి వస్తుంది, తర్వాతి మెట్టు చూపిస్తుంది. ఆ ముక్క రాయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. కాబట్టి నువ్వెక్కడా ఒంటరిగా ఉండవు.

స్టాంపులు అంటించిన చేత్తో,
సుద్దముక్క


ఇల్లు, వంటింటి కిటికీ పక్కన
జూలై పందొమ్మిది

సుద్దముక్కా,

దాదాపు నెల రోజులు చూశాకే రాయాలని ఆగాను.

మా కాలేజీలో లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగి రాసేవారు. ఆయన వీపు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. స్పర్శరేఖ అని ఆయన గీసిన గీత ఒక్కచోటే ఉండేది. అది కదులుతుందని నాకెవరూ చెప్పలేదు. మొదటిరోజు నీ కొండ మీద చుక్కని పట్టుకుని పైకి లాగితే, దాన్ని ఆనుకుని ఉన్న గీత మనిషి వంగినట్టు వంగుతూ వచ్చింది. ఎక్కుతున్నప్పుడు పైకి చూస్తుంది, శిఖరం దగ్గర పడుకుంటుంది, దిగేటప్పుడు తల వాలుస్తుంది. నేను పొయ్యి మీద పాలు మర్చిపోయాను. ఈ ఇంట్లో పాలు పొంగడం పదకొండేళ్ళలో ఇది రెండోసారి.

తర్వాత డాబా మీదికి వెళ్ళి నీళ్ళ ట్యాంకులో కర్ర ముంచి అయిదేసి నిమిషాలకి మట్టం కొలిచి కాగితం మీద గీత గీశాను. కుళాయి ధార పెద్దదిగా ఉన్నప్పుడు గీత నిటారుగా లేచింది, సన్నబడితే వాలింది. ఆ వాలే ధార. దీన్నా నేను ఒక సంవత్సరమంతా బట్టీ పట్టింది!

నా పద్ధతి చెబుతాను, నవ్వకు. నోటుబుక్కులో పేజీకి మూడు గడులు గీశాను. మొదటిది, చుక్కని లాగకముందు నేననుకున్నది. రెండోది, లాగాక జరిగింది. మూడోది, తేడా ఎందుకు. మొదటి గడి నిండందే చుక్కని ముట్టుకోను. అలవాటు. బిందెలో నీళ్ళెన్ని ఉన్నాయో అనుకుని తర్వాత మూత తీసేదాన్ని చిన్నప్పటినుంచీ.

ఎక్స్ క్యూబు గీత దగ్గర ఒక దెబ్బ తిన్నాను. మధ్యలో వాలు సున్నా అయింది. 'ఇది శిఖరం, ఇక దిగుతుంది' అని మొదటి గడిలో రాశాను, కింద రెండు గీతలు కూడా కొట్టాను. లాగితే అది దిగలేదు. కాస్త ఆగి మళ్ళీ పైకే పోయింది! మూడో గడిలో ఏం రాయాలో రెండు రోజులు తోచలేదు. మూడోరోజు డాబా మెట్లెక్కుతూ మలుపు దగ్గర చదునుగా ఉండే చోట ఆయాసం తీర్చుకోవడానికి ఆగాను. అక్కడ వాలు లేదు. అలాగని మెట్లు అయిపోలేదు. అక్కడే నిలబడి నవ్వుకున్నాను. మూడో గడిలో 'మెట్ల మలుపు' అని రాశాను.

అప్పట్లో పరీక్షలో ఇలాంటి ప్రశ్నే వచ్చింది, ఎనిమిది మార్కులకి. దానికీ నేను 'గరిష్ఠం' అనే రాశాను. ఇరవై ఏడూ ఎనిమిదీ కలిపి చూడు.

నీ సాఫ్ట్‌వేరు చాలా మర్యాద తెలిసినది. అడక్కుండానే సాయానికొస్తుంది.

నీ వదిన


గణిత విభాగం
సెప్టెంబరు అయిదు

వదినా,

ముప్ఫై అయిదు! నమ్మకం కుదరక రెండోసారి కూడా కలిపి చూశాను. ఒక్క మెట్ల మలుపు నిన్ను ఇరవై ఆరేళ్ళు ఆపిందా?

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నీ చేతులు వణుకుతున్నాయా?

ఎందుకంటే కొండ లెక్కలు నా ముందున్నాయి. నువ్వు ఒక్కో ప్రశ్న దగ్గర పది, పదకొండు నిమిషాలు ఉంటున్నావు. ఆ సేపంతా నిమిషానికోసారి చుక్క ఒక్క వెంట్రుకవాసి ఇటు, మళ్ళీ అటు జరుగుతోంది. ఎక్కడికీ పోదు. తర్వాత ఒక్కసారిగా సరైన చోటుకి వెళ్ళి ఆగుతుంది. మొదట మౌసు పాడైందనుకున్నాను. కానీ రెండు నెలలుగా ఇదే. అమ్మకి చివర్లో చేతులు వణికేవి, నీకు తెలుసు. మన రక్తం ఒకటి కాకపోయినా నా భయం నాది. వెళ్ళి డాక్టరుకి చూపించుకో. అన్నయ్యతో చెప్పనా?

ఇంకోటి నీకు ముందే చెప్పాల్సింది. నెలకోసారి క్లాసు మొత్తం పట్టిక మా హెడ్డుగారికి వెళుతుంది. అందులో నీ నంబరు కూడా పడుతోంది, తీసెయ్యడం నేను మర్చిపోయాను. వేగంలో అరవై ఒకటోది అరవై ఒకటో స్థానం. "ఎవరమ్మా ఈ మహానుభావుడు? అందరూ తొమ్మిది నిమిషాల్లో ముగిస్తుంటే ఈయన నలభై తీసుకుంటాడా? నిద్రపోతాడా?" అన్నారు.

నవ్వించడానికే రాశాను గానీ నాకు నవ్వు రావడం లేదు. ఆ తొమ్మిది నిమిషాల వాళ్ళకి పోయినవారం కాగితం మీద పరీక్ష పెట్టాను. తెర మీద అందరికీ పచ్చ టిక్కులే. కాగితం మీద అరవైలో పద్నాలుగు మంది పాస్. రెండేళ్ళు తయారుచేసి నేను చేసింది వీడియో గేమా అని అనుమానంగా ఉంది.

ముందు నీ చెయ్యి సంగతి రాయి. వెంటనే.

సుద్దముక్క


ఇల్లు
సెప్టెంబరు తొమ్మిది

పిచ్చి సుద్దముక్కా,

నా చేతులు దిట్టంగా ఉన్నాయి. నిన్న సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించాను. నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పక తప్పదు, నేను నీ కొండని మోసం చేస్తున్నాను.

మొదటి గడి రాయాలంటే నాకు ఆలోచన కావాలి. ఆలోచించాలంటే కదలకుండా కూర్చోవాలి. కూర్చున్న ఒకటిన్నర నిమిషానికి అది టింగుమని గంట కొట్టి 'సాయం కావాలా?' అంటుంది. నేను వద్దనేలోపే తర్వాతి మెట్టు చూపించేస్తుంది. అది చూశాక నా ఊహ ఊహ కాదు. మొదటి వారం ఏడు పేజీలు అలాగే పాడయ్యాయి. మీ అమ్మగారు గుర్తొచ్చారు. దేవుడు ఆవిడ ఆత్మకి శాంతినివ్వాలి గానీ, నేను ఉప్పు డబ్బా మీద చెయ్యి వెయ్యగానే "ఉప్పు వేశావా?" అనేవారు. ఆ కంగారులో రెండుసార్లు వేసేదాన్ని.

అప్పుడు ఏం చేశానంటే, కుడిచేత్తో నోటుబుక్కులో రాస్తూ ఎడమ బొటనవేలితో చుక్కని నిమిషానికోసారి కాస్త కదుపుతూ ఉన్నాను. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో కూరగాయలు తరగలేదూ, అలాగ. నేనేదో పని చేస్తున్నానని అది ఊరుకుంటుంది. పని చేస్తున్నట్టు కనిపిస్తే ఎవరూ మన జోలికి రారు, ఊరికే కూర్చుంటేనే అందరికీ మనమీద జాలి పుట్టుకొస్తుంది. ఇది ఈ ఇంట్లో నా ఇరవై ఆరేళ్ళ అనుభవం.

నీకు చెప్పలేదు. నాలుగు నెలలు కష్టపడ్డానన్నావు కదా, ఆ ముక్కనే ఎలా తప్పుపట్టను? నువ్వు తెచ్చిన చీర రంగు నచ్చకపోయినా కట్టుకునే రకాన్ని నేను. కానీ నీ పద్నాలుగు మంది సంగతి చదివాక దాచడం పాపమనిపించింది. మీ పిల్లలు చుక్కని పచ్చ రంగు వచ్చేదాకా లాగుతున్నారేమో. అదయితే తొమ్మిది నిమిషాలు కూడా ఎక్కువే. నేనూ ఒక రోజు అలా చేసి చూశాను. పాఠం అయిపోయింది, నోటుబుక్కులో రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు నెల పేజీలు, వాటితో జూలైలో రాసిన మెట్ల మలుపు పేజీ కాపీ తీయించి పంపుతున్నాను. ఆగస్టులో మొదటి గడికీ రెండో గడికీ పొత్తు కుదిరినవి నలభై ఆరు, కుదరనివి ముప్ఫై ఒకటి. నువ్వు మాత్రం వీడియో గేమని అనకు. ఆ గీత కదలకపోతే నేను ఈ జన్మకి ఆ పుస్తకం తెరిచేదాన్ని కాదు.

నీ వదిన


గణిత విభాగం
డిసెంబరు పద్దెనిమిది

వదినా,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాయడానికి ఏదైనా తేలాలని ఆగాను. తేలింది.

ఆ ఉత్తరం చదివిన రోజు ల్యాబులో తలుపు వేసుకుని కూర్చున్నాను. పక్కన నా ఇద్దరు తోటివాళ్ళు. కదలకుండా కూర్చున్నవాడు చిక్కుకుపోయినవాడే అని మేం ముగ్గురం, ముగ్గురం లెక్కల వాళ్ళం, ఎలా అనుకున్నాం? మాలో ఎవరైనా కదులుతూ ఆలోచిస్తామా? మా ముగ్గురిలో పెద్దాయన కిటికీలోంచి గంటసేపు చూస్తూ ఉంటాడు, అప్పుడు పలకరిస్తే కసురుతాడు. "మనకి కావాల్సిన మౌనం పిల్లలకి అక్కర్లేదనుకున్నాం" అన్నాడాయన. నా నాలుగు నెలల ముక్కని ఆ సాయంత్రమే తీసేశాను. కాస్త కళ్ళనీళ్ళొచ్చాయి, అబద్ధమెందుకు.

దాని చోట నీ మొదటి గడి పెట్టాం. ఇప్పుడు ఏ పాఠం తెరిచినా చుక్కకి తాళం ఉంటుంది. ఏం జరుగుతుందనుకుంటున్నావో ముందు రాయాలి, లేదా వేలితో గీత గీయాలి. అప్పుడే చుక్క కదులుతుంది. ఊహ తప్పయితే మార్కులేం పోవు. కానీ మూడో గడి నింపాలి.

పిల్లలు మొదట తిరగబడ్డారు. "ఇదేం శిక్ష మేడమ్, తెలిస్తే మేమెందుకు ఫెయిలవుతాం?" అని ఒకడు. నీ పేజీలు చూపించాను. నిన్ను అడక్కుండా చూపించాను, తప్పే. పేరు చెప్పలేదు, అరవై ఒకటని మాత్రం చెప్పాను. ముప్ఫై ఒక్క తప్పులు అంత పొందిగ్గా, తేదీలతో సహా రాసిపెట్టుకున్న మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదు. వాళ్ళు తప్పులు చెరిపేస్తారు. వెనక బెంచీ అమ్మాయి మెట్ల మలుపు పేజీ చదివి "అయ్యో, ఇంతేనా!" అని గట్టిగా అరిచింది. ఆ అమ్మాయి రెండుసార్లు తప్పింది దాని దగ్గరే.

నిన్న మళ్ళీ కాగితం పరీక్ష. అరవైలో ముప్ఫై ఎనిమిది. హెడ్డుగారు పట్టిక రెండుసార్లు చూసి, "ఇప్పుడు అందరూ నలభై నిమిషాలు తీసుకుంటున్నారేమిటి?" అన్నారు. "అందరూ అరవై ఒకటయ్యారు సార్" అన్నాను. క్లాసులో ఎవరైనా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఇప్పుడు పక్కవాళ్ళు, "ఉష్, అరవై ఒకటిలో ఉన్నాడు" అంటున్నారు.

ఇంతకీ అన్నయ్యకి చెప్పావా? పరీక్ష గురువారం, పొద్దుటిపూట. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉండవు. ఆయన జేబురుమాలు ఎక్కడుందని ఎవరినడుగుతాడు?

సుద్దముక్క


ఇల్లు
జనవరి పదకొండు

సుద్దముక్కా,

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం, "కూర్చోండి, ఒక మాట చెప్పాలి" అన్నాను. మీ అన్నయ్య పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నేను డిగ్రీ తప్పాను."

"ఎప్పుడు?"

"మన పెళ్ళయిన పదకొండో రోజున."

ఆయన వేళ్ళు మడుస్తూ కాసేపు లెక్క వేసుకున్నారు. "అంటే నా వల్లా?"

"మీ మొహం చూడకముందు రాసిన పరీక్ష."

"హమ్మయ్య!" అన్నారు. అని, నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. లేచి అలమర తాళం అడిగారు. అడుగు అరలోంచి కార్డు తీసి నా ముందు పెట్టి, "నా పేరు కింద ఏముంది, చదువు" అన్నారు.

"అసిస్టెంట్ ఇంజనీరు."

"అప్పటికి నేను నకళ్ళు గీసే డ్రాఫ్ట్స్‌మన్ని. అదీ తాత్కాలికం. 'ఎలాగూ అయ్యేదే కదా' అని మా నాన్న వేయించేశాడు. పద్నాలుగు నెలలకి అయ్యాను. ఆ పద్నాలుగు నెలలూ నువ్వు నాకు క్యారేజీ ఇవ్వడానికి ఆఫీసుకి ఎక్కడ వస్తావో అని హడలి చచ్చాను."

క్యారేజీ నేనివ్వకముందే తనే అందుకుని పరిగెత్తుకుని వెళ్ళేవారు. ముద్దపప్పులా ఉండే మనిషికి అంత తొందరేమిటా అనుకునేదాన్ని! సుద్దముక్కా, నీకు తెలుసు కదూ? పదకొండేళ్ళ పిల్లవి, ఒక్క మాట పొక్కనివ్వలేదు!

తర్వాత ఆయన నీ కొండ చూస్తానని కూర్చున్నారు. చుక్కని పట్టుకుని కొట్టంలో దూడని లాగినట్టు లాగబోయారు. కదల్లేదు. "ముందు రాయండి" అన్నాను. "ఏం రాయను?" "ఏమవుతుందనుకుంటున్నారో." పావుగంట తల పట్టుకున్నారు. గీతలు గీసి బతికిన మనిషి! చివరికి రాసింది తప్పయింది. "ఇదేదో బాగుందే" అంటూ రెండోది మొదలుపెట్టారు. ఆ వేళ కాఫీ ఆయనే కలుపుకున్నారు. మా అమ్మాయి ఇది చూసి, "అమ్మా, నాన్నకి కూడా నంబరిప్పించు" అంది.

ఇంతవరకూ బాగుంది. బాగాలేనిది కూడా రాయాలి. నిన్న పాత ప్రశ్నపత్రం తీసుకుని తెర మూసేసి, గడియారం పెట్టుకుని మూడు గంటలు రాశాను. నేనే దిద్దుకున్నాను, జాలి చూపలేదు. ముప్ఫై ఒకటి.

పరీక్ష గదిలో గీత కదలదు. కదిలే గీతకి అలవాటుపడ్డ దాన్ని. బెల్లం చూపించి నడిపించినట్టు అది నన్ను ఇక్కడిదాకా తెచ్చి గుమ్మం దగ్గర వదిలేస్తుందేమోనని భయంగా ఉంది. ఇంకా రెండు నెలలే. ఏం చెయ్యను?

వదిన


గణిత విభాగం
జనవరి పదహారు

వదినా,

తెలుసు. నాన్న చాక్లెట్ల డబ్బా ఇచ్చి నోరు మూయించాడు. జిగురు రుచి పోవడానికని నీకు చెప్పాను, అది అబద్ధం.

నీ భయం సరైనదే. సమాధానం కూడా నీ పేజీల్లోనే ఉంది, నువ్వు చూసుకోలేదు. ఆగస్టులో ప్రతి లెక్కకీ ముందు ఊహ రాసి, తర్వాత లాగేదానివి. ఆ తర్వాత నువ్వు పంపిన నవంబరు పేజీలు చూడు. మూడు చోట్ల రెండో గడి ఖాళీ. పక్కన చిన్న అక్షరాలతో 'లాగలేదు, తెలిసింది' అని రాశావు. అంటే ఆ మూడుసార్లూ నీకు తెర అక్కర్లేదు. ఆ మూడింటిని ముప్ఫై చెయ్యి.

ఈ రోజు నుంచీ రోజు విడిచి రోజు లాప్‌టాప్ మూసేసి కూర్చో. ఫిబ్రవరి ఇరవై తర్వాత అసలు తెరవకు. తెరిస్తే నాకు తెలిసిపోతుంది, కొండ చెబుతుంది.

సాఫ్ట్‌వేరు తయారుచేసినదాన్ని, దాన్ని మూసెయ్యమని చెబుతున్నాను. మా హెడ్డుగారికి చెప్పకు.

సుద్దముక్క


ఇల్లు, భోజనాల బల్ల దగ్గర
మార్చి ఇరవై రెండు

సుద్దముక్కా,

రాశాను.

గుమ్మంలోనే ఆపారు. "పేరెంట్స్ బయట కూర్చోవాలమ్మా" అంది గదిలో కాపలా ఉండే అమ్మాయి. హాల్ టికెట్ చూపించాను. ఫొటో చూసి, నన్ను చూసి, "సారీ మేడమ్" అని కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. అందరికీ చెక్క బెంచీలు, నాకు కుర్చీ. వద్దన్నా వినలేదు. చుట్టూ నావంటి వాళ్ళు ఏడుగురున్నారు. ఒకాయనకి జుట్టంతా నెరిసింది. ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం, ఏ తప్పు చేసి దొరికామో తెలిసిన వాళ్ళలా.

పత్రం ఇవ్వగానే మళ్ళీ చీమల బారు. పది నిమిషాలు కలం ముట్టుకోలేదు. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ సాయం చెయ్యలేదు. ఆ పది నిమిషాలూ నావే. చిత్తు కాగితం మీద మూడు గడులు గీసుకున్నాను.

నాలుగో ప్రశ్న చదివి ఆగిపోయాను. ఒక వక్రం ఇచ్చారు. ఎక్స్ ఒకటి దగ్గర దాని వాలు సున్నా అవుతుంది కాబట్టి అది గరిష్ఠమని ఒక విద్యార్థి అన్నాడట. ఒప్పుకుంటారా, కారణాలు రాయండి. ఎనిమిది మార్కులు.

ఆ విద్యార్థి ఎవరో నాకు తెలుసు. అతను కాదు, ఆమె. పంతొమ్మిదేళ్ళు. పోయిన జూలైలో మళ్ళీ అదే మాట, కింద రెండు గీతలు కొట్టి మరీ చెప్పింది.

కళ్ళు మూసుకుంటే గీత కదిలింది. వాలు కట్టి చూస్తే మూడు రెట్లు ఒక వర్గం. వర్గమనేది సున్నా కిందికి పోదు. అంటే అటు పక్కా ఎక్కడమే, ఇటు పక్కా ఎక్కడమే. శిఖరం కాదు, గొయ్యి కాదు. అంతా పద్ధతిగా రాశాను. చివర ఒక్క వాక్యం ఎక్కువ రాశాను, 'ఇది మెట్ల మలుపు వంటిది, ఇక్కడ ఆగినవారు పైకి చేరినట్టు కాదు, పడిపోయినట్టూ కాదు' అని. దిద్దేవాళ్ళకి అక్కర్లేకపోతే కొట్టేసుకోనీ.

కాపలా అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. "మేడమ్, చెయ్యి బాగానే ఉందా?" అని గుసగుసగా అడిగింది. చూసుకుంటే నా ఎడమ బొటనవేలు బల్ల అంచు మీద ఇటూ అటూ కదులుతోంది. "బాగానే ఉందమ్మా, ఆలోచిస్తోంది" అన్నాను.

ఆఖరి ప్రశ్న సగంలో గంట కొట్టారు. బయట మీ అన్నయ్య నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు, అందరూ నిజంగానే ఆయన్ని పేరెంటనుకున్నారు.

వదిన


గణిత విభాగం
మే ఆరు

వదినా,

ఫలితాలు ఈ ఉదయం వెబ్‌సైట్‌లో వచ్చాయి. నీ హాల్ టికెట్ నంబరు నా దగ్గరుంది కనక నీకంటే ముందు చూశాను.

చెప్పను.

ఫోను చేసినా ఎత్తను. అన్నయ్యని కూడా చూడనివ్వకు. నోటుబుక్కు తియ్యి, మూడు గడులు గియ్యి, మొదటి గడి నింపు. ఆ తర్వాతే తాళం తియ్యి. రూలు రూలే, అరవై ఒకటికైనా.

సుద్దముక్క


ఇల్లు
మే తొమ్మిది

సుద్దముక్కా,

ఎంత రాక్షసివే నువ్వు! మీ అన్నయ్య లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, "చూసేస్తానే, చూసేస్తానే" అని గంటసేపు కాలు కాలిన పిల్లిలా తిరిగారు. నేను ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, ప్రతి ప్రశ్నకీ ఏం రాశానో గుర్తు చేసుకుని, ఎక్కడెక్కడ మార్కు పోతుందో కోసేసుకుంటూ వచ్చాను. మొదటి గడిలో నలభై ఏడని రాశాను. అమ్మాయి సాక్షి సంతకం పెట్టింది. అప్పుడు చూశాం.

నలభై తొమ్మిది.

అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది. మీ అన్నయ్య వాకిట్లోకి వెళ్ళి ఎవరూ లేకపోయినా ఎవరితోనో చెబుతున్నట్టు, "పాసైంది, పాసైంది" అన్నారు. నేను మూడో గడి దగ్గర ఆగిపోయాను. ఆ రెండు మార్కులు ఎక్కడివి? ఎంత వెతికినా దొరకలేదు. నాలుగో ప్రశ్నకి ఎనిమిదీ వేసుకున్నాను, అంతకంటే ఇవ్వరు కదా. నీకు దిద్దేవాళ్ళెవరైనా తెలిస్తే కనుక్కో. తేలేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచుతాను.

నా నంబరు తీసెయ్యకు. సమాకలనం పాఠాలు నాలుగు మిగిలాయి. ఇప్పుడు పరీక్ష లేదు, గడువు లేదు. ఆ గీత కింద వైశాల్యం నిండుతుంటే చూడటం నాకిష్టం. మీ వెనక బెంచీ అమ్మాయి పాసైందో లేదో కూడా రాయి.

నిన్న సాయంత్రమే అలమర తెరిచి కార్డు తీశాను. పెన్సిలు చెక్కి నా పేరు పక్కన, బి.ఎస్సీ. కింద, చిన్న అక్షరాలతో నిన్నటి తేదీ వేశాను. పెట్టెయ్యబోతే మీ అన్నయ్య "ఉండు" అని పెన్సిలు తీసుకున్నారు. అసిస్టెంట్ ఇంజనీరు కింద ఆయన తేదీ ఆయన వేసుకున్నారు. తాళం వెయ్యలేదు.

ఉంటాను.

నీ వదిన, బి.ఎస్సీ.